దొరకిన సెల్‌ఫోను - దొరకినవాని ధర్మము

త్రోవలో దొరకిన పరుల వస్తువును ఏమి చేయవలెనను ప్రశ్న మిక్కిలి పురాతనమైనది. ఎద్దు, గొఱ్ఱె, ఉంగరము, రూకలమూట - ఆయా కాలములలో జనులు పోగొట్టుకొనిన వస్తువులు వేఱైనను ప్రశ్న మాత్రము ఒక్కటియే. మన కాలమున ఆ స్థానమును సెల్‌ఫోను ఆక్రమించినది. బస్సు సీటు క్రిందనో, ఆటస్థలపు గట్టుమీదనో, ఆసుపత్రి బల్లమీదనో తాళము వేయబడిన ఫోనొకటి కనబడును. దానిని తెఱచు సంకేతము మనకు తెలియదు. లోపలనున్న పేరులు కనబడవు. యజమానుడెవరో తెలియదు. అట్టి సమయమున ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అను విషయమును ధర్మము, చట్టము, యంత్రస్వభావము అను మూడు దృష్టులతో ఈ వ్యాసమునందు విచారింతము.

ఇట్టి ఫోను చేతికి వచ్చినప్పుడు చాలమందికి మొదట తోచు ఆలోచన "దీని తాళము ఎట్లు తెఱచుట?" అనునది. తెఱచినగాని యజమానుడు తెలియడని మంచి యుద్దేశము గలవారును తలంతురు. ఈ తలంపు సరికాదు. తాళము తీయకయే యజమానుని కనుగొనవచ్చును. అంతేకాదు, "ఇది నాది" యని వచ్చినవాడు నిజమైన యజమానుడో కాడో తేల్చుటకు ఆ తాళమే మనకు మంచి సాక్షి. ఈ రెండు మాటలును విద్యార్థులు మనస్సున నుంచుకొనినచో తక్కిన దంతయు సులభముగా బోధపడును.

పూర్వుల మార్గము

బైబిలులోని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయారంభమున ఈ విధి కలదు. సహోదరుని ఎద్దుగాని గొఱ్ఱెగాని త్రోవ తప్పి తిరుగుచుండగా చూచియు చూడనట్లు పోరాదు. దాని యజమానుడు దూరముననున్నను, ఎవరో తెలియకున్నను, దానిని ఇంటికి తోలుకొనివచ్చి, అతడు వెదకుచు వచ్చువఱకు కాపాడి, పిమ్మట అప్పగింపవలెను. వస్త్రమైనను, పోయిన మఱి యే వస్తువైనను ఇదే నియమము.

మనుస్మృతి 8వ అధ్యాయములో ఈ విషయము రాజధర్మముగా చెప్పబడినది. యజమానుడు తెలియని ధనమును రాజు 3 సంవత్సరములు కాపాడవలెను. "ఇది నాది" యని వచ్చినవానిని విచారింపవలెను. వస్తువుయొక్క రూపమును, సంఖ్యను, ఇట్టి తక్కిన ఆనవాళ్లను అతడు సరిగా చెప్పినప్పుడే దాని నీయవలెను. చెప్పలేనివాడు దండనమునకు పాత్రుడు.

వేఱువేఱు దేశములలో వేఱువేఱు కాలములలో పుట్టిన ఈ రెండు విధులను కలిపి చూచినచో మూడు సూత్రములు తేలుచున్నవి. చూచి విడిచిపోరాదు. యజమానుడు వచ్చువఱకు చెడనీయక కాపాడవలెను. ఆనవాలు అడిగి తెలిసికొనినగాని యీయరాదు. సెల్‌ఫోను విషయమునను మనకు కావలసినవి ఈ మూడే.

చట్టము చెప్పునది

"దొరకినది దొరకినవానిదే" యను మాట పిల్లల ఆటలలో చెల్లవచ్చును గాని న్యాయస్థానమున చెల్లదు. మన దేశమున 1872 సంవత్సరపు ఒడంబడికల చట్టములోని 71వ సెక్షను ఈ విషయమును తేల్చినది. పరుల వస్తువు దొరకగా దానిని తన స్వాధీనమునకు తీసికొనినవానికి, ఇతరులు అప్పగించిన వస్తువును పుచ్చుకొనినవానికి గల బాధ్యతయే గలదు. అనగా పొరుగువాడు ఊరికి పోవుచు తన పెట్టెను మన యింట నుంచినయెడల దాని నెంత జాగ్రత్తతో చూతుమో, దొరకిన ఫోనును గూడ నంతటి జాగ్రత్తతో చూడవలెను. వస్తువును ఎత్తుకొనుమని ఈ చట్టము ఎవరినిని నిర్బంధింపదు. కాని యెత్తుకొనిన పిమ్మట బాధ్యత నుండి తప్పించుకొనుట లేదు.

ఆ చట్టమే 168వ సెక్షనులో దొరకినవాని హక్కులను గూడ చెప్పుచున్నది. తనంతట తాను పడిన శ్రమకును, చేసిన వ్యయమునకును అతడు దావా వేయజాలడు. అయినను వానికి తగిన ప్రతిఫలము ముట్టువఱకు వస్తువును తనయొద్ద నుంచుకొనవచ్చును. యజమానుడు ఇంత బహుమానమిత్తునని ముందుగా ప్రకటించియున్నచో దానికొఱకు దావా వేయవచ్చును. కావున ఫోను చేర్చుటకైన బండికూలి అడిగి పుచ్చుకొనుట తప్పు కాదు. ఏ ప్రకటనయు లేనిచోట "ఇంత యిచ్చినగాని యీయను" అని బేరము పెట్టుట మాత్రము మర్యాదయు గాదు, న్యాయమును గాదు.

వస్తువును దాచుకొనినవాని సంగతి నేరముల చట్టమున నున్నది. 1860 సంవత్సరపు భారత శిక్షాస్మృతిలోని 403వ సెక్షను 2024 జూలై 1వ తేదీ వఱకు అమలులో నుండెను. ఆనాటి నుండి భారతీయ న్యాయ సంహితలోని 314వ సెక్షను దాని స్థానమున వచ్చినది. పరుల చరాస్తిని మోసబుద్ధితో తన యుపయోగమునకు త్రిప్పుకొనినవానికి 6 మాసములకు తక్కువ కాకుండ 2 సంవత్సరముల వఱకు ఖైదును, జరిమానాయు ఈ సెక్షను విధించుచున్నది. కాపాడి యజమానునికి ఇచ్చు నుద్దేశముతో ఎత్తుకొనుట నేరము కాదని అందే వివరింపబడియున్నది. యజమానుడెవరో తెలిసియు, లేక తెలిసికొను మార్గముండియు, లేక తగిన ప్రయత్నము చేసి తగిన కాలము వేచియుండకయు, వస్తువును తనదిగా చేసికొనినప్పుడే నేరమగును.

ఈ భేదమును తెలుపుటకు చట్టమే కొన్ని దృష్టాంతముల నిచ్చినది. అందొకటి: ఒకనికి విలువగల ఉంగరము దొరకినది. అది ఎవరిదో అతడెఱుగడు. యజమానుని వెదకుటకు ప్రయత్నమేమియు చేయక వెంటనే అమ్మివేసెను. అతడు దోషి. "ఎవరిదో నాకు తెలియదు" అను మాట వానిని రక్షింపలేదు. తెలిసికొన యత్నింపకపోవుటయే వాని తప్పు. ఉంగరమునకు మాట లేదు, పిలుపు లేదు. ఫోను అట్టిది గాదు. యజమానుడే దానికి ఫోను చేయగలడు. కావున ఫోను దొరకినవాడు "తెలిసికొను మార్గము లేకపోయెను" అని చెప్పుట ఉంగరము దొరకినవాడు చెప్పుటకంటె మఱింత కష్టము.

ఇచ్చట జపాను దేశపు చట్టమును తలచుకొనుట యుచితము. పోయిన వస్తువులనుగూర్చి ఆ దేశమునకు ప్రత్యేకమైన చట్టము కలదు. దొరకిన వస్తువును పోలీసులకు అప్పగింపవలెను. 3 మాసములలో యజమానుడు రానిచో సాధారణముగా అది దొరకినవానికే చెందును. యజమానుడు వచ్చినచో వస్తువు విలువలో నూటికి 5 మొదలు 20 వఱకు దొరకినవానికి బహుమానముగా ఇచ్చు నియమము గలదు. కాని ఈ చట్టమును సవరించి 2007 డిసెంబరునుండి అమలుపఱచినప్పుడు, సెల్‌ఫోనులు మొదలగు వ్యక్తిగత సమాచారముగల వస్తువులు ఎంతకాలము గడచినను దొరకినవానికి చెందవని విధించిరి. ఈ భేదమునకు కారణమేమి? గొడుగు పోయిన గొడుగే పోవును. ఫోను పోయిన మనిషి బ్రతుకులో కొంతభాగము పరుల చేతిలో పడును.

ఫోనులో నున్నదేమి?

ఒక ఫోను వెల పదివేలో ఇరువదివేలో కావచ్చును. దానిలో నున్నదానికి వెల కట్టుట కష్టము. 2016లో యూపీఐ విధానము వచ్చిన పిమ్మట కూరగాయల బండివాడు మొదలు కూలివాని వఱకు జనుల రోజువారీ డబ్బు ఫోను ద్వారా నడచుచున్నది. బ్యాంకువారు పంపు ఓటీపీ అంకెలు ఆ ఫోనునకే వచ్చును. ఇంటింటికి భోజనము చేర్చు కుఱ్ఱవానికి ఆ దినపు పని ఆ ఫోనులోనే యుండును. అది పోయిన నాడు వానికి కూలి లేదు. ఆసుపత్రిలో తండ్రిని చేర్చి మందులకై వీధిలోనికి వచ్చినవాని ఫోను పోయినచో, లోపలనుండి వైద్యులు పిలుచు పిలుపు వానికి చేరదు. మరణించిన తల్లి కంఠస్వరము ఒక్క ఆ ఫోనులోనే మిగిలియుండుటయు కలదు. దొరకినవాడు ఒక దినము ఆలస్యము చేసినచో అది తనకు ఒక దినమే. పోగొట్టుకొనినవానికి ఎంతయో మనమెఱుగము.

ఇక దాచుకొనినవానికి కలుగు లాభమేమి? ఆలోచించి చూడగా మిక్కిలి స్వల్పము. ఐఫోనులలో 2013 నుండియు, ఆండ్రాయిడు ఫోనులలో 2015 నుండియు ఒక యేర్పాటు గలదు. లోపలి సమాచారమంతయు తుడిచివేసినను, పాత యజమానుని ఖాతా పేరును రహస్యపదమును అడిగి, అవి చెప్పినగాని ఫోను పనిచేయదు. ఇదిగాక ప్రతి ఫోనునకును 15 అంకెలుగల ఐఎమ్‌ఈఐ అను గుర్తు సంఖ్య కలదు. ఫోను పోయినవాడు పోలీసులకు ఫిర్యాదు చేసి, కేంద్రప్రభుత్వపు సంచార్ సాథీ ద్వారా ఆ సంఖ్యను ఆపివేయించినచో, మన దేశములోని యే సంస్థ సిమ్ము వేసినను ఆ ఫోను పనిచేయదు. ఈ సౌకర్యము 2023 మే నెలనుండి దేశమంతటను కలదు. అట్టి ఫోనును ఎవరైన వాడ యత్నించినచో ఆ జాడ పోలీసులకు తెలియును. గుర్తు సంఖ్యను మార్చుట వేఱొక పెద్ద నేరము. 2023 సంవత్సరపు టెలికమ్యూనికేషన్ల చట్టము దానికి 3 సంవత్సరముల వఱకు ఖైదును, 50 లక్షల రూపాయల వఱకు జరిమానాయు విధించుచున్నది.

ఇందువలన విద్యార్థులు తెలిసికొనవలసిన దొకటి గలదు. దొంగబుద్ధి యేమియు లేక, "పనిచేయుచున్నదేమో చూతము" అని దొరకిన ఫోనులో తన సిమ్మును వేసిన బాలుడు తన పేరును తానే పోలీసుల పట్టికలో వ్రాయించుకొనినవాడగును. ఆ పిమ్మట "ఇచ్చివేయవలెననియే యుంటిని" అని చెప్పినను నమ్మించుట కష్టము.

తాళము దొరకినవానికి మిత్రుడు

తాళము యజమానునికి రక్షణమని అందఱును ఎఱుగుదురు. అది దొరకినవానికి గూడ రక్షణమని కొందఱే యెఱుగుదురు. 2012లో సిమాంటెక్ అను సంస్థవారు అమెరికా, కెనడా దేశములలోని 5 నగరములలో 50 ఫోనులను బుద్ధిపూర్వకముగా బహిరంగస్థలములలో విడిచి, వానికేమి జరుగునో దూరమునుండి గమనించిరి. ఆ ఫోనులకు తాళము లేదు. నూటికి 96 వంతున వానిని దొరకినవారు తెఱచి చూచిరి. బ్యాంకు గుర్తుగల పుటను నొక్కి చూచినవారు నూటికి 43. యజమానునికి తెలుప యత్నించినవారు సగము మంది మాత్రమే. వారందఱును దొంగలని చెప్పుట న్యాయము కాదు. తెఱచియున్న తలుపులోనికి తొంగిచూచుట మనుష్యస్వభావము. ఫోనునకు తాళమున్నయెడల ఆ శోధన మనకు లేదు.

మఱియొక పరిశోధన కొంత ధైర్యము నిచ్చుచున్నది. 40 దేశములలోని 355 నగరములలో, మన దేశపు నగరములును అందు చేరియుండగా, 17 వేలకు పైగా డబ్బుసంచులను "దారిలో దొరకినవి" యని చెప్పి బ్యాంకులు, హోటళ్లు, తపాలాకచేరీలు మొదలగు చోట్ల పనివారికి అప్పగించి, వారిలో ఎందఱు యజమానునికి తెలుపుదురో చూచిరి. ఫలితము 2019లో సైన్సు అను పత్రికయందు వెలువడినది. డబ్బు లేని సంచులకంటె డబ్బున్న సంచులనుగూర్చియే ఎక్కువమంది తెలియజేసిరి. కొన్ని సంచులలో ఒక తాళపుచెవి నుంచిరి. తాళపుచెవి పోగొట్టుకొనినవానికి తప్ప మఱెవ్వరికిని పనికిరాదు. అట్టి సంచులనుగూర్చి తెలియజేసినవారు మఱింత ఎక్కువగా నుండిరి. పరుల నష్టము కన్నులకు కట్టినప్పుడు సామాన్యులు మంచినే చేయుదురని దీనివలన తేలుచున్నది. తాళము వేసిన ఫోను సరిగా ఆ తాళపుచెవి వంటిదే: మనకు పనికిరాదు, వానికి అదియే సర్వము.

చేయవలసిన పనులు

ఇక ఆచరణమునకు వత్తము. గుంటూరునుండి తెనాలికి పోవు బస్సులో ఒక విద్యార్థినికి సీటు క్రింద తాళము వేయబడిన ఫోను దొరకినదనుకొందము. ఆమె చేయవలసిన పనులు వరుసగా నిట్లుండును.

మొదటిది: చుట్టుపట్ల విచారించుట. పోగొట్టుకొనినవాడు రెండు సీట్ల యవతలనే యుండవచ్చును. అయితే ఫోనును పైకెత్తి "ఇది ఎవరిది?" అని యడుగరాదు. "ఎవరివైన వస్తువులు పోయినవా?" అని యడుగవలెను. వస్తువును చూపి యడిగినచో ఆనవాలు చెప్పు నవసరము లేకుండ చేసినట్లగును.

రెండవది: స్థలమునకు బాధ్యుడైనవానికి తెలుపుట. బస్సులో కండక్టరు, పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు, ఆసుపత్రిలో విచారణ బల్లవద్ద నుండువారు, రైలులో టిక్కెట్టు పరీక్షకుడు గాని రైల్వే రక్షణదళమువారు గాని. పోగొట్టుకొనినవాడు మొదట వెదకుచు వచ్చునది ఆ చోటికే. దొరకిన చోటు, సమయము, అప్పగించినవారి పేరు ఒక కాగితముమీద వ్రాసికొని, వీలైనచో రసీదు పుచ్చుకొనవలెను.

మూడవది: ఫోను ప్రాణము పోకుండ చూచుట. కొంతసేపు మనయొద్దనే యుంచవలసివచ్చినచో దానిని ఆపివేయరాదు. చార్జింగు తగ్గినచో తగిన చార్జరుతో నింపవలెను. తడిసిన ఫోనును, ఉబ్బిన బ్యాటరీ గల ఫోనును మాత్రము చార్జింగునకు పెట్టరాదు, ప్రమాదము కలుగును.

నాలుగవది: పిలుపుకొఱకు వేచియుండుట. తాళము వేసియున్నను వచ్చిన పిలుపును అందుకొనవచ్చును; అందులకు సంకేతము అవసరము లేదు. ఇదియే అన్నిటికంటె సులభమైన మార్గము. ఫోను పోయినదని తెలియగానే ఎవరైనను మఱియొకరి ఫోనునుండి తమ సంఖ్యకు పిలుతురు. అట్లు పిలిచినవారికి "ఈ ఫోను ఫలానిచోట దొరకినది, ఫలానివారియొద్ద నున్నది" అని మాత్రము చెప్పవలెను. ఇంటి చిరునామా చెప్పనక్కఱలేదు. అందని పిలుపుల సంఖ్య తెఱమీద కనబడినచో మన ఫోనునుండి ఆ సంఖ్యకు తెలుపవచ్చును. దూరముననున్న యజమానుడు తన ఖాతాద్వారా తెఱమీదికి ఒక సందేశమును, ఒక సంఖ్యను పంపగలడు. కావున అప్పుడప్పుడు తెఱను చూచుచుండవలెను.

ఐదవది: అత్యవసర సమాచారమును చూచుట. తాళము వేసిన తెఱమీద అత్యవసరమను మాట యొకటి యుండును. దానిని నొక్కినచో, యజమానుడు ముందుగా వ్రాసియుంచిన పక్షమున, అతని పేరును, దగ్గఱి బంధువుల సంఖ్యలును కనబడును. అవి పరులు చూచుటకే యుద్దేశింపబడినవి గనుక చూచుటలో దోషము లేదు. అయితే 112 వంటి అత్యవసర సంఖ్యకు ఈ పనికై పిలువరాదు. ఆ సమయమున నిజముగా ప్రాణాపాయములో నున్నవారి పిలుపునకు మనము అడ్డు పడుదుము.

ఆఱవది: కొన్ని గంటలలో ఎవరును పిలువనిచో సమీపపు పోలీసు స్టేషనులో అప్పగించుట. పిల్లలు తల్లిదండ్రులతోనో ఉపాధ్యాయునితోనో పోవుట మంచిది. గుర్తు సంఖ్యనుబట్టి యజమానుని కనుగొను సాధనములు పోలీసులకు కలవు, మనకు లేవు. ఆలస్యమైనకొలది సందేహమునకు చోటు కలుగును. కావున "రేపు చూతము" అని త్రోసివేయరాదు.

రైలుస్టేషను, విమానాశ్రయము వంటి చోట్ల తీగలతోనో సంచితోనో కూడి అనుమానముగా పడియున్న ఫోనును అసలు ముట్టరాదు. కావలివారికి తెలిపి తొలగిపోవలెను.

చేయరాని పనులు

సంకేతాంకెలను ఊహించి నొక్కరాదు. పలుమాఱులు తప్పినచో ఫోను కొంతకాలము బిగుసుకొనిపోవును. కొందఱు యజమానులు 10 మాఱులు తప్పినచో లోపలిదంతయు తుడిచిపోవునట్లు ఏర్పాటు చేసికొందురు. మేలు చేయబోయి వారి ఛాయాచిత్రములను మనమే నాశనము చేసినవారమగుదుము.

సిమ్మును తీయరాదు. సిమ్ము తీసిన మఱుక్షణమే యజమానుని పిలుపు వచ్చు త్రోవ మూసికొనిపోవును. ఆ సిమ్మును మన ఫోనులో వేసి సంఖ్య తెలిసికొందమను ఉపాయము కొందఱు చెప్పుదురు. అట్లు చేసినచో వారి బ్యాంకు సందేశములు మన ఫోనునకు వచ్చును. రేపు వారి ఖాతాలో డబ్బు తగ్గినచో మొదటి అనుమానము ఎవరిమీద పోవునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఫోనును ఆపి మరల వెలిగింపరాదు. ఈ కాలపు ఫోనులలో సమాచారమంతయు గూఢలిపిలో నుండును. ఆపి వెలిగించిన పిమ్మట యజమానుడు ఒకమాఱు సంకేతము నొక్కువఱకు లోపలి పేరుల పట్టిక తెఱచుకొనదు. అంతవఱకు "అమ్మ" అని కనబడవలసినచోట ఉత్త అంకెలే కనబడును. సిమ్మునకు వేఱుగ తాళమున్నచో పిలుపులే రావు.

తెఱమీద వచ్చు సందేశములను చదువరాదు. చదివినను ఇతరులకు చెప్పరాదు. దొరకిన ఫోనును ఛాయాచిత్రము తీసి వాట్సాపు సమూహములకు పంపరాదు. అట్లు పంపినచో దాని రంగు, దాని తొడుగు, తెఱమీది బొమ్మ ఊరివారందఱికి తెలియును. పిమ్మట ఆనవాలు అడిగి ప్రయోజనము లేదు. "ఫలాని దినమున ఫలానిచోట ఒక ఫోను దొరకినది" అని ప్రకటించి, ఆనవాళ్లను మనలోనే యుంచుకొనవలెను.

తాళము తీయు దుకాణమునకు కొనిపోరాదు. ఉద్దేశ మెంత మంచిదైనను, పరుల యింటి తాళమును పగులగొట్టి "మీ చిరునామా తెలిసికొనుటకు చేసితిని" యన్నట్లుండును.

యజమానుని గుర్తించు విధము

ఫోను నాదని ఒకడు వచ్చినాడనుకొందము. మనుస్మృతి చెప్పిన ఆనవాళ్ల పరీక్ష ఇప్పుడు మనకు పనికివచ్చును. మొదట ఫోనును చూపకయే ఏ కంపెనీది, ఏ రంగు, తొడుగెట్లున్నది, గాజుమీద పగుళ్లున్నవా, తెఱమీద ఎవరి బొమ్మ గలదు అని యడుగవలెను. రెండవది, అతని సంఖ్య నడిగి మన ఫోనునుండి పిలువవలెను. దొరకిన ఫోను మ్రోగవలెను. ఈ రెండును సరిపోయిన పిమ్మట, పెద్దలయెదుట అతని చేతికిచ్చి తాళము తెఱువుమనవలెను. వ్రేలిముద్రతోనో సంకేతముతోనో ఫోను తెఱచుకొనినచో అంతకు మించిన ఋజువు వేఱొకటి యేల? బంధువు సంఖ్యను, పక్కయింటి పేరును మోసగాడు తెలిసికొనవచ్చును. ఆ తాళమును తెఱచుట మాత్రము వానికి సాధ్యము కాదు. దారి పొడవున మనకు అడ్డమని తోచిన తాళమే చివరకు మన పక్షమున సాక్ష్యము చెప్పును.

ఒక హెచ్చరిక. పిలిచినవాడు "నేనే యజమానుడను, ఇప్పుడు దానికి వచ్చు ఓటీపీ అంకెలు చదివి చెప్పుము" అని యడిగినచో ఎంత బ్రతిమాలినను చెప్పరాదు. నిజమైన యజమానునికి కావలసినది ఫోను. అంకెలు మాత్రము కోరువాడు యజమానుడు కాకపోవచ్చును. "వచ్చి తీసికొనుడు" అని మర్యాదగా ప్రత్యుత్తరము చెప్పవలెను. కలిసికొనుచోటు పాఠశాల, దుకాణము, పోలీసు స్టేషను వంటి జనసమ్మర్దముగల స్థలముగా నుండవలెను. పిల్లలు ఒంటరిగా పోరాదు.

పోకముందే చేసికొనవలసినది

దొరకినవాడెంత సజ్జనుడైనను, యజమానుడు ఏ గుర్తును ఉంచనిచో వాని శ్రమ వృథా కావచ్చును. కావున ఈ వ్యాసమును చదివిన ప్రతివారును ఈ దినమే తమ యింటి ఫోనుల విషయమున ఈ పనులు చేయింపవలెను. అత్యవసర సమాచారమునందు ఇంటివారి సంఖ్య నొకదానిని వ్రాయుట. వెనుక తొడుగులో వేఱొక సంఖ్యగల చిన్న చీటి నుంచుట. *#06# అని నొక్కి వచ్చిన 15 అంకెల గుర్తు సంఖ్యను ఇంటి పుస్తకములో వ్రాసి దాచుట. దూరమునుండి ఫోనును వెదకు నేర్పాటును నడుపుచుండుట. సిమ్మునకు వేఱుగ తాళము వేయుట ఖాతాలకు మేలే. కాని ఫోను ఆగి వెలిగినచో పిలుపులు రావని తెలిసి చేయవలెను.

ఫోను పోయినపుడు మొదట వేఱొక ఫోనునుండి పిలిచి చూడవలెను. సమాధానము లేనిచో బ్యాంకునకును, సిమ్ము సంస్థకును తెలిపి ఆపివేయింపవలెను. పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. పిమ్మట "మీ ఫోను దొరకినది, ఇచ్చట మీ రహస్యపదము వ్రాయుడు" అని సందేశము వచ్చినచో నమ్మరాదు. నిజముగా ఫోను దొరకినవానికి దాని రహస్యపదముతో పనిలేదు.

ఉపసంహారము

పరుల వస్తువు మన చేతిలోనికి వచ్చినప్పుడు మనలను ఎవరును చూచుచుండరు. పరీక్ష గదిలో పర్యవేక్షకుడుండును, ఆటలో న్యాయనిర్ణేత యుండును. నిర్మానుష్యమైన బస్సు సీటు క్రింద ఎవరును లేరు. ఆ చిన్న తెఱ వెలిగి "ఇల్లు" అనియో "చెల్లెలు" అనియో పిలుపు వచ్చినప్పుడు, అవతల నొకరు మన కంఠము వినుటకై చెవియొగ్గి యున్నారని తెలిసికొందము. ఆ పిలుపును అందుకొనుటకు ఏ తాళమును తీయనక్కఱలేదు. అందుకొని, "మీ ఫోను భద్రముగా నున్నది, వచ్చి తీసికొనుడు" అని చెప్పిననాడు, చట్టము కోరినదియు ధర్మము కోరినదియు ఒక్క మాటలో నెఱవేరును.